సరిహద్దు బడిలో సాంఘిక శాస్త్రం: పదహారు వారాల బోధనాభ్యాసం విలువ

ఇంట్లో కొడుకో కూతురో బి.ఏ.లో చేరినట్లు తెలియగానే బాగేపల్లి, చింతామణి పల్లెలలో బంధువులు అడిగే మొదటి మాట "దీనికి ఏం పని దొరుకుతుంది?" అన్నదే. నర్సింగు చదివితే ఆసుపత్రి కనిపిస్తుంది. ఐ.టి.ఐ. చదివితే కర్మాగారం కనిపిస్తుంది. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి చదివినవారి ఎదుట ఏదీ కంటికి కనిపించదు. అడిగేవారిని తప్పు పట్టలేము. వేరుశనగ, రాగి పంటల మీద బ్రతుకుతూ, రోజూ బస్సు ఖర్చు భరిస్తూ, డిగ్రీకి మూడేళ్ళు, ఆపై బి.ఇడి.కి రెండేళ్ళు పిల్లలను చదివించే కుటుంబానికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది.

దానికి సమాధానం మాత్రం మార్కుల జాబితాలో కంటే వేరొక చోట ఎక్కువగా దొరుకుతుంది. ఆ విద్యార్థి ఉపాధ్యాయ శిక్షణలో భాగంగా ఒక నిజమైన బడిలో గడిపే వారాలలో ఏం నేర్చుకున్నాడన్నదే ఆ చోటు. ముఖ్యంగా ఇంట్లో తెలుగు, పుస్తకంలో కన్నడం ఉన్న ఈ సరిహద్దు ప్రాంతంలో ఆ వారాలకు ఉన్న విలువను కుటుంబాలు గాని, చాలా సందర్భాలలో శిక్షణ పొందేవారు గాని గుర్తించడం లేదు.

ముందుగా నియమాల సంగతి. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014లో జారీ చేసిన నిబంధనల ప్రకారం 2015-16 నుండి బి.ఇడి. రెండేళ్ళ కోర్సు అయింది. అంతకు ముందు అది ఒక్క ఏడాదితో ముగిసేది. రెండేళ్ళలో మొత్తం ఇరవై వారాలు బడులలోనే గడపాలి: మొదటి ఏడాది నాలుగు వారాలు, రెండవ ఏడాది పదహారు వారాలు. మొదటి విడతలో ఎక్కువ భాగం పరిశీలనకే సరిపోతుంది. రెండవ విడతలో ఛాత్రోపాధ్యాయుడు తానే తరగతి తీసుకోవాలి, ప్రశ్నపత్రం తయారు చేయాలి, జవాబులు దిద్దాలి, ప్రార్థన నుండి మధ్యాహ్న భోజనం దాకా బడి నడకలో పాలుపంచుకోవాలి. ప్రాథమిక తరగతుల కొరకు ఉద్దేశించిన డి.ఎల్.ఇడి.లోనూ బడి అనుభవానికి ఇటువంటి స్థానమే ఉన్నది. పాతతరం వారికి ఇది టి.సి.హెచ్., డి.ఇడి. పేర్లతో పరిచితమే.

నేరుగా తరగతిలోకి పోవడానికి ముందు సూక్ష్మబోధన ఉంటుంది. ఇది 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న పద్ధతి. ఐదారు నిమిషాల పాఠం, ఐదు నుండి పదిమంది విద్యార్థులు, ఒక్క నైపుణ్యం. ఒకసారి ప్రశ్నలు వేయడం మాత్రమే, మరొకసారి నల్లబల్ల మీద వ్రాయడం మాత్రమే, ఇంకొకసారి పాఠాన్ని ప్రారంభించడం మాత్రమే అభ్యసిస్తారు. చెప్పిన తరువాత లోపాలు విని, అదే పాఠాన్ని మళ్ళీ చెప్పాలి. సాటి విద్యార్థుల ముందు పిల్లలను అడిగినట్లు ప్రశ్నలు అడగడం నవ్వులాటగా కనిపించవచ్చును గాని, జవాబు వచ్చేదాకా మౌనంగా ఆగడం అనే చిన్న విద్య ఇక్కడ పట్టుబడకపోతే తరగతిలో పట్టుబడదు.

ఇంతవరకు దేశమంతటా ఒకటే. ఇక్కడి నుండి సరిహద్దు కథ వేరు.

చిక్కబళ్ళాపురం 2007లో కోలారు నుండి విడివడి జిల్లా అయింది. దాని ఉత్తరాన, తూర్పున ఆంధ్రప్రదేశ్ ఉన్నది. 1955లో నివేదిక ఇచ్చిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నాటి కోలారు జిల్లాలో తెలుగు మాతృభాషగా గలవారు సగానికి మించి ఉన్నారని గుర్తించి కూడా, ఆ జిల్లాను మైసూరుతోనే ఉంచాలని సిఫారసు చేసింది. 1956లో అదే జరిగింది. అదే ఏడాది ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందేలా తగిన సౌకర్యాలు కల్పించాలని రాష్ట్రాలను కోరుతుంది. ఆచరణలో మాత్రం ఈ పల్లెల పిల్లలలో అత్యధికులు కన్నడ మాధ్యమంలోనో, ఇటీవల ఆంగ్ల మాధ్యమంలోనో చదువుతున్నారు. ఉద్యోగాలు, కార్యాలయాలు, పై చదువులు కన్నడంతో ముడిపడి ఉన్నందున తల్లిదండ్రులు కోరుకొనేదీ అదే. కాబట్టి కన్నడమా, తెలుగా అన్న వాదన ఇక్కడ అనవసరం. ఇంటి తెలుగు నుండి బడి కన్నడానికి పిల్లవాడిని ఎవరు, ఎలా దాటిస్తున్నారన్నదే ఆలోచించవలసిన విషయం.

రెండు భాషలూ దగ్గరివి గనుక దాటించడం సులభమని పైకి అనిపిస్తుంది. కన్నడంలో హకారం ఉన్న చోట తెలుగులో పకారం ఉంటుంది: హాలు అంటే పాలు, హులి అంటే పులి, హూవు అంటే పువ్వు, హెసరు అంటే పేరు. హళ్ళి అంటే పల్లె. విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళిలో హళ్ళి, బాగేపల్లిలో పల్లి, రెండూ ఒకే జిల్లాలో ఉన్నాయి. అలాగే కెరె అంటే చెరువు, కివి అంటే చెవి, కై అంటే చేయి. ఈ పోలికను ఒక్క పూట నల్లబల్ల మీద రెండు వరుసలుగా వ్రాసి చూపితే ఆరవ తరగతి పిల్లలు తామే మరో పది మాటలు చెబుతారు. దీనికి ఖర్చు ఏమీ లేదు.

ప్రమాదం దూరంగా ఉన్న మాటలలో కాదు, దగ్గరగా కనిపించే మాటలలో ఉన్నది. సాంఘిక శాస్త్రానికి ఈ చిక్కు మిగిలిన విషయాల కంటే ఎక్కువ. గణితంలో అంకెలు ఆదుకుంటాయి, విజ్ఞాన శాస్త్రంలో ప్రయోగం ఆదుకుంటుంది. చరిత్ర, పౌరనీతులలో మాటలే సర్వస్వం. కన్నడంలో ఇతిహాస అంటే చరిత్ర. తెలుగు ఇంట్లో ఇతిహాసమంటే రామాయణ మహాభారతాలు. మౌర్యుల పాఠం వింటున్న పిల్లవాడు అశోకుణ్ణి కూడా ధర్మరాజు వరుసలో పెట్టుకుంటే అది వాడి మందమతి కాదు. కన్నడ కృషి అంటే వ్యవసాయం. తెలుగు కృషి అంటే ప్రయత్నం. కన్నడ విచార అంటే ఆలోచన, విషయం. తెలుగు విచారం దుఃఖం. అవసర అంటే అక్కడ తొందర, ఇక్కడ అవసరం అంటే కావలసినది. రాతి క్వారీలు ఉన్న ఈ జిల్లాలో భూగోళ పాఠంలో వచ్చే కల్లు అంటే రాయి. తెలుగు పిల్లల చెవికి అది ఈత చెట్టు నుండి తీసేది. తరగతి నవ్వుతుంది, ఉపాధ్యాయుడు కోప్పడతాడు, పాఠం అక్కడితో చెడుతుంది.

పౌరనీతిలో చిక్కు మరింత లోతైనది. తెలుగువారి రాజ్యాంగాన్ని కన్నడ పుస్తకం సంవిధాన అంటుంది. మన ప్రజాస్వామ్యం అక్కడ ప్రజాప్రభుత్వ. ఎన్నికలు చునావణె. పన్ను తెరిగె. శాసకాంగ, కార్యాంగ, న్యాయాంగ అనే మూడు మాటలను బట్టీ పట్టి పరీక్షలో వ్రాసి, వాటిలో ఏది చట్టం చేస్తుందో, ఏది తీర్పు చెబుతుందో పదవ తరగతి దాకా తెలియకుండానే పోయే పిల్లలు ఉంటారు. వారి ఇళ్ళలో పంచాయతీ ఎన్నికల గురించి రాత్రి పొద్దుపోయేదాకా తెలుగులో చర్చ జరుగుతూనే ఉంటుంది. తెలిసిన విషయమే, పేరు మారడంతో తెలియనిదైంది.

బోధనాభ్యాసానికి వచ్చిన తెలుగు ఇంటి విద్యార్థి ఇక్కడ నిజంగా పనికివస్తాడు. ఆ పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో అతనికి తెలుసు, ఎందుకంటే తానూ అక్కడే తడబడి వచ్చినవాడు. మంచి శిక్షకులు అతని చేత ప్రతి పాఠ్యపథకంలో ఒక చిన్న పట్టిక వ్రాయిస్తారు: ఈ పాఠంలో ఇంటి మాట వేరు, పుస్తకపు మాట వేరు అయినవి ఏవి, రెంటిలోనూ ఒకే రూపం ఉండి అర్థం వేరైనవి ఏవి. తరువాత పద్ధతి కూడా ముఖ్యమే. పాఠమంతా తెలుగులో చెప్పి చివర కన్నడ జవాబులు వ్రాయిస్తే పిల్లలకు ఆనందం మిగులుతుంది గాని పరీక్ష మిగలదు. పాఠమంతా కన్నడంలోనే చెప్పి, తెలుగులో జవాబిచ్చిన పిల్లను గద్దిస్తే ఆ పిల్ల మరునాటి నుండి నోరు విప్పదు. విషయాన్ని ఇంటి మాటలో పట్టించి, పుస్తకపు మాటను దానికి తగిలించి, చివరి పది నిమిషాలు పిల్లల చేతనే కన్నడంలో చెప్పించడం నడిమి దారి. జాతీయ విద్యా విధానం 2020 కూడా వీలైనంత వరకు కనీసం ఐదవ తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలనే చెబుతుంది. విధానం ఢిల్లీలో ఉంటే, ఆ పది నిమిషాలు ఉపాధ్యాయుడి చేతిలో ఉన్నాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాఠం నదులు, నీటి వనరులు. పుస్తకంలో గంగ, గోదావరి, కావేరి ఉంటాయి. బాగేపల్లి బడిలో పాఠం చిత్రావతితో మొదలు కావచ్చును. నంది కొండల ప్రాంతంలో పుట్టి, బాగేపల్లి మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, పుట్టపర్తిని తాకి, చివరకు పెన్నలో కలిసే నది అది. పరగోడు వద్ద దానికి అడ్డంగా ఆనకట్ట కట్టినప్పుడు, 2000ల తొలి సంవత్సరాలలో, దిగువన అనంతపురం రైతులు ఎందుకు ఆందోళన చెందారు? ఎగువన బాగేపల్లికి త్రాగునీరు ఎందుకు కావలసి వచ్చింది? ఒకే నది, రెండు రాష్ట్రాలు, రెండు న్యాయమైన అవసరాలు. అంతర్రాష్ట్ర జలవివాదం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం వేరొక చోట వెదకనక్కరలేదు. కొందరు పిల్లల మేనమామలు నదికి దిగువనే ఉంటారు.

చింతామణి వైపు అయితే చెరువులే పాఠం. 2018లో మొదలైన కె.సి. వ్యాలీ పథకం ద్వారా బెంగుళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు, చింతామణి తాలూకాలోని కొన్ని చెరువులకు పంపుతున్నారు. హెబ్బాళ-నాగవార వ్యాలీ పథకం నీరు చిక్కబళ్ళాపురం పక్కనున్న కందవార చెరువుకు చేరింది. ఎండిన బోర్లలో నీరు ఊరిందని సంతోషించే రైతులు ఉన్నారు. శుద్ధి రెండవ దశతోనే ఆపుతున్నారని, మూడవ దశ కూడా కావాలని అడుగుతున్నవారు ఉన్నారు. పిల్లలను జట్లుగా చేసి తమ ఊరి చెరువు ఎప్పుడు నిండింది, తూము ఎవరి చేతిలో ఉండేది, ఇప్పుడు నీరు ఎక్కడి నుండి వస్తున్నది అని పెద్దలను అడిగి వ్రాసుకొని రమ్మంటే, తెలుగులో విన్నది కన్నడంలో వ్రాయవలసి వస్తుంది. భాషాభ్యాసం, సర్వే పద్ధతి, భూగోళం ఒకే పనిలో ముగుస్తాయి. అర్థశాస్త్రానికి టమాటా ఉన్నది: ఒకే రైతు ఒక వారం చింతామణి మార్కెట్‌కు, మరొక వారం మదనపల్లె మార్కెట్‌కు ఎందుకు పోతాడో పిల్లలకు ఉపాధ్యాయుని కంటే బాగా తెలుసు. ధర, రవాణా, దళారి, గిరాకి అన్నీ అందులోనే ఉన్నాయి.

చరిత్రకు విదురాశ్వత్థం ఉన్నది. గౌరిబిదనూరు తాలూకాలోని ఈ ఊరిలో 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహం కొరకు గుమిగూడిన ప్రజల మీద పోలీసులు కాల్పులు జరిపారు. దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అని దానికి పేరు. మృతుల సంఖ్య విషయంలో అధికారిక లెక్క ఒకటి, ప్రజలు చెప్పే లెక్క దానికంటే ఎక్కువ. కొత్త ఉపాధ్యాయులు పెద్ద అంకెను ఎంచుకొని ఆవేశంగా చెప్పి ముగిస్తారు. రెండు లెక్కలు ఎందుకు ఉన్నాయి, ఏ ఆధారం ఎవరిది అని అడిగించడమే చరిత్ర బోధన.

ఈ పనులన్నీ చేసినవాడికి ఏం వచ్చింది? నలభైమంది ముందు నిలబడి మాట్లాడడం వచ్చింది. ఒక విషయాన్ని నలభై ఐదు నిమిషాలకు సరిపడా విడగొట్టడం వచ్చింది. రెండు భాషలలో వివరాలు సేకరించి, ఒక భాషలో నివేదిక వ్రాయడం వచ్చింది. కోపంగా వచ్చిన తండ్రితో, సందేహంగా చూసే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడడం వచ్చింది. పటం గీయడం, పట్టిక వేయడం, కంప్యూటర్‌లో కన్నడం టైపు చేయడం వచ్చాయి. ఇవి బడిలోనే కాక గ్రామ పంచాయతీ గ్రంథాలయంలో, స్వచ్ఛంద సంస్థలో, పత్రికా కార్యాలయంలో, స్వయం సహాయక సంఘాల శిక్షణలో పనికివచ్చేవి. అయితే వచ్చిందని చెప్పడం చాలదు, చూపాలి. పాఠ్యపథకాల పుస్తకం, మాటల పట్టికలు, పిల్లలు చేసిన చెరువు సర్వే, దిద్దిన జవాబుపత్రాల నమూనాలు, పర్యవేక్షకుల వ్యాఖ్యలు ఒక అట్టలో భద్రపరచుకోవాలి. చాలామంది ఫలితాలు రాగానే వీటిని పాత కాగితాలవాడికి వేస్తారు. ప్రైవేటు బడి ఇంటర్వ్యూలో "ఒక పాఠం చెప్పి చూపండి" అన్నప్పుడు ఆ పుస్తకమే ఆదుకుంటుంది.

ఇక ప్రభుత్వ ఉద్యోగం. ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు బోధించాలంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష తప్పనిసరి. ఆరు నుండి ఎనిమిది తరగతులకు ఉద్దేశించిన రెండవ పత్రంలో 150 మార్కులు ఉంటాయి: శిశు వికాసం, బోధన పద్ధతులకు 30, మొదటి భాషకు 30, రెండవ భాషకు 30, సాంఘిక శాస్త్రానికి 60. అంటే రెండు భాషల బరువు సాంఘిక శాస్త్రం బరువుతో సమానం. సాధారణ వర్గం వారికి 90 మార్కులు రావాలి. ఒకసారి ఉత్తీర్ణులైతే ఆ అర్హత జీవితాంతం చెల్లుతుందని 2021లో కేంద్రం ప్రకటించింది. ఆ పరీక్ష నెగ్గినంత మాత్రాన ఉద్యోగం రాదు, నియామక పరీక్ష వేరు. కర్ణాటకలో 2022లో 15,000 పట్టభద్ర ప్రాథమిక ఉపాధ్యాయ పోస్టులకు ఒకేసారి పరీక్ష జరిగింది. అటువంటి అవకాశం ఏటా రాదు. డిగ్రీలో ఏ ఐచ్ఛిక విషయాలు చదివి ఉండాలన్నది నియామక ప్రకటనలో ఉంటుంది గనుక బి.ఏ.లో చేరే రోజుననే పాత ప్రకటన ఒకటి తెచ్చి చూడడం మేలు. మూడేళ్ళు గడిచాక చూస్తే మార్చుకోవడానికి వీలుండదు.

నియామకాల మధ్య కాలంలో ఎక్కువమంది చేసేది అతిథి ఉపాధ్యాయ పని. గౌరవ వేతనం తక్కువ, బడి నడిచే నెలలకే వస్తుంది, శాశ్వత నియామకానికి అది హామీ కాదు. అయినా ప్రభుత్వ బడిలో ఒక తరగతిని ఏడాది పొడుగునా నడిపిన అనుభవం అక్కడ దొరుకుతుంది. రెండు మూడేళ్ళు చేస్తూ పరీక్షకు చదివితే తెలివైన పని. పదేళ్ళు అదే ఆశతో ఉండిపోతే కుటుంబానికి భారం.

సరిహద్దు కుటుంబాలు తరచుగా పోగొట్టుకొనేది మార్కుల వల్ల కాదు, కాగితాల వల్ల. కర్ణాటక నియామకాలలో ఒకటి నుండి పదవ తరగతి వరకు గ్రామీణ ప్రాంతంలో చదివినవారికి 25 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం కేటాయింపు ఉన్నది. ఆ ధ్రువపత్రాలు చదివిన బడి నుండే రావాలి, క్షేత్ర విద్యాధికారి కార్యాలయానికి కూడా పోవలసి ఉంటుంది. మధ్యలో రెండేళ్ళు హిందూపురంలో మేనత్త ఇంట్లో ఉండి చదివిన పిల్లకు ఇక్కడ ఆ అర్హత తెగిపోవచ్చును. ఆంధ్రప్రదేశ్ డి.ఎస్.సి. వ్రాయవచ్చును గదా అంటే, అక్కడ 371-డి అధికరణం క్రింద స్థానికత లెక్క వేరే ఉన్నది. చదివిన చోటును, నివాసాన్ని బట్టి స్థానికులు, స్థానికేతరులు అని విడదీస్తారు, స్థానికేతరులకు మిగిలేది కొద్ది భాగమే. ఏడవ తరగతిలో పిల్లను ఏ ఊరి బడిలో చేర్చాలన్న నిర్ణయం పదేళ్ళ తరువాత ఉద్యోగం తలుపు వద్ద లెక్కకు వస్తుంది.

మరొక మాట చెప్పక తప్పదు. బడికి పోకుండానే బోధనాభ్యాసం పూర్తయినట్లు సంతకాలు సంపాదించే అలవాటు అక్కడక్కడ ఉన్నది. పిల్ల బస్సులో తిరగనక్కరలేదని, పొలం పనికి దొరుకుతుందని ఇంటివారు కూడా సంతోషిస్తారు. రుసుము కట్టి, రెండేళ్ళు వెచ్చించి, అందులో పనికివచ్చే భాగాన్ని మాత్రం వదులుకోవడం ఇది. కళాశాలలో చెప్పిన సిద్ధాంతం పుస్తకంలో ఎప్పుడైనా చదువుకోవచ్చును. ఆరవ తరగతి పిల్లలు ఎదురుగా దొరికేది ఆ పదహారు వారాలే. ఆడపిల్లల విషయంలో బడి దూరం నిజమైన కష్టమే. అటువంటప్పుడు ఇంటికి దగ్గరి బడిని కేటాయించమని కళాశాలను ముందుగానే వ్రాతపూర్వకంగా అడగవచ్చును.

బోధనాభ్యాసంలో నేర్చిన సర్వే పనికి ఈ మధ్య కాలంలో వేరొక ఉపయోగం కూడా కనిపించింది. 2025 సెప్టెంబరు 22న కర్ణాటక వెనుకబడిన వర్గాల సంఘం చేపట్టిన సామాజిక, విద్యా సర్వేలో ఇంటింటికీ తిరిగినవారిలో అత్యధికులు ఉపాధ్యాయులే. 2027 జనగణనలోనూ ఈ బాధ్యత ప్రధానంగా వారిదే. జనగణన పత్రంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు మరొకటి ఉంటాయి. "మీ భాష ఏది?" అని కన్నడంలో అడిగితే ఈ పల్లెలలో చాలామంది బడి భాష అడుగుతున్నారనుకొని కన్నడం అంటారు, "ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని తెలుగులో అడిగితే జవాబు మారుతుంది. ఏ ప్రశ్నను ఎలా అడగాలో తెలిసినవాడు పత్రం నింపినప్పుడే ఆ గడిలో ఉన్నది ఉన్నట్లు పడుతుంది.